వాన పడనీలే

ఆ రోజుల్లో మా అనంతపురం మనుషులకు క్యాలెండరుతో పెద్దగా పని ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ తాతలనాటివి కావు, చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు అప్పటికే ఉన్నాయి.) ఇంటికి సున్నం కొట్టాలన్నా, పుచ్చుపన్ను పీకించుకోవాలన్నా ఒకటే ముహూర్తం: "వాన పడనీలే." వాన పడేది కాదు, పని జరిగేది కాదు, తప్పంతా ఆకాశానిది. ఇంటర్‌తో ఆపేసిన చదువును ముప్పయ్యో ఏట మళ్లీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు నేనూ ఆ ముహూర్తమే పెట్టుకున్నాను.

అప్పుడు నేను టౌనులో మోటారు పంపుల అంగట్లో గుమాస్తాను. ముసలి అకౌంటెంటు పని మానుకోబోతున్నాడు. "డిగ్రీలో చేరినట్టు చూపించు, ఆ కుర్చీ నీదే. లేదంటే మా బామ్మర్ది ఉండాడు" అన్నాడు షావుకారు. దూరవిద్యలో ఆదివారం తరగతులుంటాయని తెలిసింది. (అంతవరకూ దూరవిద్య అంటే నాకూ విద్యకూ మధ్య ఉన్న దూరమే అనుకునేవాణ్ణి.) కోర్సు ఎంచుకోవడానికి నాకు పట్టినంత కాలం మా ధర్మవరంలో పెళ్లివారికి పట్టుచీర ఎంచుకోవడానికి కూడా పట్టదు. చరిత్ర తిరగేసి, తెలుగు తడిమి, చివరికి కుర్చీ గుర్తొచ్చి బీకాం దగ్గర ఆగాను. ఫోనులో దరఖాస్తు నింపేశాను. ఇక సర్టిఫికెట్లు స్టడీ సెంటరులో చూపించి, అక్కడి సారుతో సంతకం పెట్టించుకోవాలి. ఎప్పుడు పోతావని మా ఇంటామె అడిగినప్పుడల్లా, వాన పడనీలే అనేవాణ్ణి.

సరిగ్గా దరఖాస్తు గడువు ముగిసే ముందురోజు సాయంత్రం వాన పడింది. తెల్లారగానే "లెయ్యి, నీ ముహూర్తం వచ్చినాది" అని దుప్పటి లాగింది మా ఇంటామె. మేం కాపురముండే బుక్కరాయసముద్రం నుంచి బండి మీద పోతే సెంటరుకు తాళం. వాచ్‌మన్ బీడీ ముట్టించుకుంటున్నాడు.

"సారు యాడికి పోయినాడన్నా?"

"యాడికి పోతాడప్పా. రాప్తాడు కాడ వాళ్ల చేన్లో ఇత్తనం ఏస్తాండాడు."

"దరఖాస్తుకు ఈపొద్దే కడ దినం కదన్నా."

"మీ గడువన్నా పొడిగిస్తారేమో. పదునుకు ఎవురు పొడిగిస్తారప్పా?"

నిజమే. నేలలో తేమ ఆరేలోగా విత్తనం పడకపోతే ఆ ఏడు చేను లేనట్టే. ఇది తెలియనివాడు జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను, మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి మరి. భూమికి పదునొచ్చింది గానీ నా బుద్ధికి రాలేదు.

బండి రాప్తాడుకు తిప్పాను. చేనులో సారు పంచె ఎగ్గట్టి ఎద్దుల వెనక గొర్రు పట్టుకుని ఉన్నాడు. నన్నూ నా ప్లాస్టిక్ కవరునూ చూశాడు. "కాగితాలు గట్టున పెట్టు. ఇత్తనం పోసే మనిషి రాలేదు. గింజలకు ఆ పాత పంచె ఒడి కట్టుకో."

గొర్రు పక్కన నడుస్తూ దాని మీదున్న కర్ర గిన్నెలో వేరుశనగ గింజలు వదలాలి, అవి గొట్టాల్లోంచి సాళ్లలోకి దిగుతాయి. ఒక్కొక్కటే వదలాలని ఎవరూ చెప్పలేదు. సంతకం నా చురుకుదనం మీద ఆధారపడి ఉందనుకుని గుప్పిళ్లతో గుమ్మరించాను. సగం చేనుకే సంచీ ఖాళీ. సారు ఎద్దులను ఆపాడు.

"ఏం కోర్సప్పా నీది?"

"బీకాం సార్."

"గింజ లెక్క తెలీనోనికి బీకాం ఎట్లిచ్చేది?"

కుర్చీలో షావుకారు బామ్మర్ది కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు కనిపించింది. సేద్యం తెలీదు, మా నాయన నేత నేస్తాడని నసిగాను.

"అయితే పట్టు కూడా మగ్గం మింద ఇట్లే గుమ్మరిస్తాడా మీ నాయన?"

"లేదు సార్. పోగు పోగు చూసుకుంటాడు."

"ఇదీ అంతే. నడువు."

వాళ్లింట్లో చట్నీకని దాచిన గింజలు తెప్పించాడు. ఈసారి ఒక్కో గింజా పోగులాగే వదిలాను. మధ్యాహ్నానికి చేను పూర్తయింది. సారు గట్టు మీద కూర్చుని సర్టిఫికెట్లన్నీ చూసి సంతకం చేశాడు. దాని పక్కన ఆయన బొటనవేలి ఎర్రమట్టి కూడా ముద్రపడింది. విశ్వవిద్యాలయం అభ్యంతరం చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆదివారం తరగతిలో, "పొయ్యి చూసిరా, నీ అడ్మిషను మొలిచినాది" అన్నాడు సారు. వెళ్లి చూశాను. సగం చేను దాకా మొక్కలు ధర్మవరం బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అక్కడి నుంచి మాత్రం పోగు పోగు, మా నాయన చూస్తే మెచ్చుకునేటట్టు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. ఎంకాం ఎప్పుడు కడతావని మా ఇంటామె మళ్లీ మొదలుపెట్టింది. వాన పడనీలే అన్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది. అయితే ఈసారి సర్టిఫికెట్లతోపాటు, ఎందుకైనా మంచిదని, పాత పంచె ఒకటి అదే కవరులో పెట్టుకున్నాను.