వ్యాసంలో రెండో పేరు

మా మేడం ఇక లేరన్న కబురు శనివారం పొద్దున, దేవునికి దీపం పెట్టి లేస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క పోయిందమ్మా. నిన్న గూడ నిన్ను యాది చేసింది," అన్నది. నేను మళ్లీ దేవుని ముందే కూర్చుండిపోయాను. ఒక్క స్తోత్రమూ నోటికి రాలేదు.

నల్లగొండలో ఒక కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చెప్పేవారు. నేను అక్కడ ల్యాబు అటెండర్‌ను. చదువు పదో తరగతితో ఆగింది. సీసాలు కడగడం, తాళాలు వేయడం నా పని. ఏ ఊరి బోరింగు నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందన్నది ఆమె పరిశోధన. ఆదివారాలు ఇద్దరం బస్సెక్కి ఊళ్లకు పోయేవాళ్లం. ఆమె సంచిలో ఖాళీ సీసాలు, నా సంచిలో సద్ది. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. నింపగానే బోరింగు నంబరు రాయాలి. "తర్వాత రాద్దామనుకోకు. యాది మనకు నచ్చినట్టే చెప్తది," అనేవారు.

మొదటి వ్యాసం అచ్చయితే ఆమె పేరు కింద నా పేరు ఉంది. "గిదేంది మేడం, నాకు ఇంగ్లీషే రాదు," అన్నాను. "ఎండల తిరిగింది ఎవలు? నీళ్లు మోసింది ఎవలు?" అని నవ్వేశారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆమెకు ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. మన వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారు, ఎవరెవరితో కలిసి పనిచేశాం, అన్నీ చూసి మార్కులేస్తారట. స్టాఫ్ రూములో ఒక కుర్ర సారు నన్ను చూపించి, "మేడం, విదేశపోళ్ల పేరుంటే మార్కులొస్తయ్. గీ అక్క పేరుంటే చాయ్ వస్తది," అన్నాడు. అందరూ నవ్వారు. మేడం తల ఎత్తకుండానే, "మీ వ్యాసంతోని అది గూడ రాలే గద సార్," అన్నారు.

ఆమె ఫైలు నేనే కుట్టాను. అన్నిటికన్నా పైన మా ఇద్దరి పేర్లున్న ఒక వ్యాసం పెట్టమన్నారు. ఒక ఊరి వాడకట్టులో పాత బోరింగూ, లోతుగా వేసిన కొత్త బోరింగూ రెండూ మంచి నీళ్లవేనని చెప్పిన వ్యాసం అది. ఎక్కువమంది ప్రస్తావించింది దాన్నే. "నా ఆశంత దీని మీదనే," అన్నారు. నా చేతిలో దబ్బనం ఆగిపోయింది.

ఆ కొత్త బోరింగు నీళ్లు నేను తేనేలేదు. ఆ రోజు మేడం ఊరి ఆ చివర ఉండి నన్ను ఒక్కదాన్నే పంపారు. బోరింగు హ్యాండిల్‌కు వేపమండ కట్టి ఉంది. అక్కడి అవ్వ చేయి అడ్డం పెట్టింది. "రేపు గంగమ్మకు పసుపు కుంకుమ పెడ్తం బిడ్డా. అప్పటిదాంక చుక్క నీళ్లు బయటికి పోవద్దు." నేను ఆ మాట దాటలేకపోయాను. ఉత్త చేతులతో తిరిగి పోనూలేకపోయాను. రెండూ ఒకే నేల నీళ్లు కదా అనుకుని, పాత బోరింగు దగ్గర మరో సీసా నింపి, దాని మీద కొత్త నంబరు రాశాను.

ఇంటర్వ్యూ ఐదు రోజులుందనగా ఆమెతో చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే. "ఆ నీళ్లు ఎవలన్న తాగుతున్నరా?"

వెంటనే బస్సెక్కి పోయి నీళ్లు తెచ్చాం. పరీక్షలో నీళ్లకు ఎర్ర మందు కలుపుతారు. ఆ ఎరుపు ఎంత వెలిస్తే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. వెలవొద్దు స్వామీ అని గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటూ నిలబడ్డాను. చూస్తుండగానే వెలిసిపోయింది.

మరునాడు మళ్లీ ఆ ఊరికి పోయాం. అవ్వ మీదికొచ్చింది. "పూజ చేసిన బోరింగును చెడ్డదంటరా?" మేడం ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నారు. "గంగమ్మ మంచిదే అవ్వా. కింద రాయి మంచిది గాదు." అవ్వ బిందె తీసుకుని పాత బోరింగు వైపు నడిచింది. మేడం తన చేత్తోనే తాగొద్దన్న గుర్తుగా కొత్త బోరింగుకు ఎర్ర రంగు వేశారు.

ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానంటే ప్రిన్సిపాల్ సారు బతిమిలాడారు. "ఇంటర్వ్యూ అయినంక రాయున్రి మేడం. నాలుగు దినాలల్ల ఏం మునుగుతది?"

"నాలుగు దినాలు ఇంకెవలన్న ఆ మాట నమ్ముతరు సార్," అన్నారు. ఆ మధ్యాహ్నమే రాసి పంపారు.

ఇంటర్వ్యూ రోజు నేను బయట బల్ల మీద కూర్చున్నాను. బయటికొచ్చిన ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. లోపల ఏమడిగారో బస్సులో చెప్పారు. "ఉన్న ఒక్క పెద్ద వ్యాసం తీసేసిన్రు, ఇంకేం చూసి ఇయ్యాలె?" అన్నారట. రెండో పేరు ఎవరిది, ఏం చదివిందనీ అడిగారట. "పది చదివింది, తప్పు బయటపడ్డది ఆమె చెప్పబట్టే," అన్నారట మేడం.

ఆ పోస్టు రాలేదు. రాకుండానే రిటైరయ్యారు. వ్యాసం తప్పని ప్రకటించిన కాగితంలోనూ నా పేరు ఉంది. అదైనా తీసేయమని ఏడ్చాను. "ఒప్పయినప్పుడు ఉన్న పేరు తప్పయినప్పుడు ఎట్ల తీస్తం?" అన్నారు. మళ్లీ ఆదివారం వచ్చింది. సీసాలు నా చేతికే ఇచ్చారు. అంత నమ్మకానికి నేనేం చేస్తే ఋణం తీరుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె పన్నెండో రోజు అయ్యాక ఆ ఊరికి పోయాను, కబురు చెప్పి వద్దామని. అవ్వ ఎప్పుడో పోయింది. ఆమె కోడలు బోరింగు ముందు గొంతుక్కూర్చుని ఉంది. పక్కన చిన్న డబ్బా, చేతిలో బ్రష్షు.

"ఏటా ఏస్తున్నవా?" అన్నాను.

"ఏయకుంటే ఎట్లక్కా? రంగు వెలిస్తే పిల్లలు తాగుతరు. మేడం చెప్పింది గద," అంది తలెత్తకుండా.

చెప్పవచ్చిన కబురు చెప్పకుండానే నేను ఆమె పక్కన కూర్చుని డబ్బా పట్టుకున్నాను. బోరింగు మొదట్లో పసుపు, కుంకుమ బొట్లు. పైన, హ్యాండిల్ దాకా, ఇంకా తడి ఆరని ఎరుపు.