బీరువాలో పెట్టిన హెచ్చరిక

గోపాలరావు గారు బీరువా తాళంచెవిని జంధ్యానికి కట్టుకునేవారు. దాన్ని చూసి మా సెక్షన్‌లో నవ్వని వాళ్లు లేరు. "స్నానానికైనా తీస్తారా సార్?" అని నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను.

నాచారం పారిశ్రామికవాడలో మాదొక చిన్న కంపెనీ. ఒక ప్రభుత్వ సంస్థకు యంత్రాల విడిభాగాలు చేసి ఇచ్చేవాళ్లం. ఆయన సూపరింటెండెంటు, నేను టైపిస్టును. ఆయన తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఉప్పల్లో స్థిరపడ్డారు. పాతికేళ్లు సైకిల్ మీదే ఆఫీసుకు వచ్చారు. ఒక్క కాగితం పోగొట్టిన మనిషి కాదు. అడిగినదానికి జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. ఆయనకు తెలిసిన ఉద్యోగధర్మం అంతే. ఆయనంటే నాకు గౌరవమే, కానీ ఒళ్లు మండిన రోజులూ ఉన్నాయి.

మా కంప్యూటర్ ఆపరేటర్ భాగ్యశ్రీ. పీర్జాదిగూడ అమ్మాయి. కంపెనీకి వచ్చే మెయిళ్లన్నీ ఆమే తెరిచి ప్రింటు తీసి ఇచ్చేది. ఆరేళ్లుగా టెంపరరీ. 2009లో పర్మనెంట్ చేస్తామన్నారు. "మా బాపుకు జెప్పిన మేడం, మస్తు ఖుషైండు" అంటూ అందరి టేబుళ్ల మీదా జామపండ్లు పెట్టింది.

ఆ ఏడాది ఆగస్టు నాలుగున ప్రభుత్వ సంస్థ నుంచి సీలు వేసిన కవరొకటి వచ్చింది. పైన ఎర్రసిరాతో 'రహస్యం' అని ఉంది. లోపల ఒకటే పేజీ. తమ పేరుతో దొంగ మెయిళ్లు తిరుగుతున్నాయనీ, 'టెండరు సవరణలు' అన్న శీర్షికతో ఫలానా చిరునామా నుంచి వస్తున్నాయనీ, జోడించిన ఫైలు తెరిస్తే కంప్యూటర్‌లోని యంత్రభాగాల డ్రాయింగులన్నీ బయటికి పోతాయనీ అందులో రాశారు. ఎక్కడో ఎవరో దెబ్బ తిన్నాక, మిగతావాళ్లయినా బయటపడాలని పంపిన కాగితం అది.

గోపాలరావు గారు చదివారు. రిజిస్టర్‌లో ఎక్కించారు. రహస్యం కదా, బీరువాలో పెట్టి తాళం వేశారు. 'అందినది, భద్రపరచితిమి' అని నా చేత జవాబు టైపు చేయించారు. ఏం అందిందో నేను అడగలేదు.

పందొమ్మిదో తేదీన అలాంటి మెయిలే మాకూ వచ్చింది. చూడ్డానికి రోజూ వచ్చే మెయిల్‌లాగే ఉంది. భాగ్యశ్రీ తెరిచింది.

డ్రాయింగులు పోయాయని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత విచారణ. గోపాలరావు గారు కాగితం, రిజిస్టర్ తెచ్చి చూపించారు. రహస్య పత్రాన్ని ఎవరి కంటా పడకుండా కాపాడారని ఆయన్ని మెచ్చుకున్నారు. భాగ్యశ్రీని మాత్రం ఒకటే ప్రశ్న అడిగారు: డ్రాయింగులు ఎవరికి అమ్మావు? ఆమె ఏడ్చింది. మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఆ రోజు క్యాంటీన్లో ఆయన్ని పట్టుకున్నాను. "ఆ కాగితం చూసుంటే ఆ పిల్ల మెయిలు తెరిచేది కాదని ఒక్క మాట చెప్పండి సార్. పేరైనా మిగులుతుంది."

"నన్ను ఆ సంగతి అడగలేదండీ సత్యవేణి గారూ" అన్నారు.

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నేను మాత్రం వెళ్లి చెప్పానా? నా ఉద్యోగం నాకు ముద్దు. భాగ్యశ్రీ మీద పడ్డ మాట నాచారం దాటి, మల్లాపూర్ దాటి, ఆమె వెళ్లిన ప్రతి ఆఫీసుకూ ఆమెకన్నా ముందే చేరింది.

మరుసటి ఏడాది ఆయన రిటైరయ్యారు. తాళంచెవి అప్పగించే ముందు ఆ కాగితాన్ని జిరాక్స్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. నాకు తెలిసి ఆయన నియమం తప్పింది ఆ ఒక్కసారే.

తర్వాత మనిషి మారిపోయారు. పేపర్లో దొంగ మెయిలు గురించి గానీ, బ్యాంకు పేరుతో వచ్చే దొంగ ఫోను గురించి గానీ పడితే కత్తిరించేవారు. పైన 'ఇది ఎవరికి తెలియాలి?' అని రాసి, కింద తనే జవాబు రాసేవారు: పింఛనుదార్లకు, ఉద్యోగాలు వెతికే పిల్లలకు, నెట్ సెంటర్ వాళ్లకు. కాపీలు తీసి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వాళ్ల చేతుల్లోనే పెట్టేవారు. చాదస్తం ముదిరిందని జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఊరందరికీ చెబుతున్నారు గానీ, చెప్పాల్సిన మనిషి దగ్గరికి వెళ్లలేకపోతున్నారని నాకు తెలుసు.

2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన వారానికి, మా ఇంటికొచ్చారు. "నేనొక్కణ్నే వెళ్లలేనండీ. మీరూ రండి."

పీర్జాదిగూడలో భాగ్యశ్రీ చీరలకు ఫాల్స్ కుడుతోంది. మిషను వెనక గోడకు వాళ్ల నాన్న ఫొటో, దండ వేసి ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. పాత అలవాటు. గోపాలరావు గారు జేబులోంచి కాగితం తీసి ఇచ్చారు.

ఆమె నిదానంగా చదివింది. తేదీ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"నాలుగో తారీఖుకే వచ్చిందా సార్ ఇది?"

"వచ్చిందమ్మా. నీకు చూపించలేదు. విచారణ రోజున చెప్పనూ లేదు. తప్పు నాది."

"మా బాపు సచ్చేదాక అడుగుతనే ఉండె. నిజం జెప్పు బిడ్డా, అమ్మినవా అని. నేను ఒట్టేసినా నమ్మలే." ఆమె ఫొటో వైపు చూడలేదు, కాగితం వైపే చూస్తోంది. "గీ కాయితం అప్పుడు యాడుండె సార్?"

"బీరువాలో."

"నా కుర్సీ ఎనకాల బీరువాల్నా?"

గోపాలరావు గారు తలూపారు. నాకు ఆ గది కళ్లముందు కదిలింది. పిల్ల వెనక్కి వాలితే జడ ఆ బీరువాకే తగిలేది.