నాలుగు వేళ్లు ఎక్కువ

పోయిన వారం మా మేనత్త పోయింది. పటాన్‌చెరులో షిఫ్టుకు ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్తుండగా బావ ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అన్నాడు. సంగారెడ్డి బస్సెక్కి కూర్చున్నాక కూడా నేను నమ్మలేదు. అంత గొంతున్న మనిషి పోవడమేంటి! ఆమె గురించి ఏడుపుగొట్టుగా రాస్తే నన్ను తిట్టిపోసేది. అందుకే సంబరంగానే చెబుతాను.

సంగారెడ్డి బజారులో అత్తది బట్టల దుకాణం. ఇనుప మీటరు కడ్డీతో చకచకా గుడ్డ కొలిచి, కత్తెర పెట్టే ముందు నాలుగు వేళ్లు అదనంగా వదిలేది. "ఉతికితే గుంజుకపోతది, ఉండనియ్యి" అనేది.

పదమూడేళ్లప్పుడు నేను క్లాసులో అందరికంటే పొట్టి. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి ఎత్తు పెరగడానికి హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. ఇక చూడండి! ప్రతి అమావాస్యకు దుకాణం ముందు గుమ్మడికాయ కొట్టగానే, అత్త నన్ను దుకాణంలో గుడ్డలు పరిచే తెల్ల పరుపు మీద పడుకోబెట్టి, కడ్డీతో గుడ్డను కొలిచినట్టు కొలిచేది. "పెరిగినవే! జల్దీ మీ నాయనకు ఫోన్ కొట్టు!" అని బజారంతా వినబడేలా అరిచేది. తీరా డాక్టరమ్మ దగ్గరికెళ్తే ప్రతిసారీ నాలుగు వేళ్లు తక్కువే! అలవాటు కొద్దీ నాకూ కలిపేసేదన్నమాట.

"ఏందత్తా, గిట్ల జేస్తవ్?" అంటే, "పరాయోళ్లకిచ్చి నీకియ్యనా?" అని నన్నే దబాయించేది.

ఎత్తు పెరుగుతున్నానన్న హుషారులో ఖోఖో ఆడుతూ స్తంభం దగ్గర దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అదీ జిల్లా జట్టు ఎంపికల ముందు! నాన్నకు భయం పట్టుకుంది. "ఆ సూదులతోనే బొక్కలు గుల్లబారినయ్. సూదులు బంద్, ఆట బంద్" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఆట పోతే నాకింకేముంది?

"తమ్మీ, నువ్వు డాక్టర్‌వా? అడిగొద్దాం పా" అని అత్త పట్టపగలు దుకాణం షట్టర్ దించేసింది.

జోరుగా ఎత్తు పెరిగే వయసులో ఎముక సాగినంత త్వరగా గట్టిపడదని, ఇంజెక్షన్లు తీసుకోని పిల్లలకూ ఈ వయసులో విరుగుతుంటాయని డాక్టరమ్మ చెప్పింది. రక్తపరీక్షలో నాకు డి విటమిన్ బాగా తక్కువని తేలింది. దానికి మందులు రాసి, ఇంజెక్షన్లు సొంతంగా ఆపొద్దని, తుంటి, మోకాలు నొప్పెట్టినా, కుంటినా వెంటనే రమ్మని హెచ్చరించింది.

"అతికినంక ఆడొచ్చా, డాక్టరమ్మా?" అని అత్త అడిగింది.

"ఆడాలి."

అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

ఆ ఏడు ఎంపికలు తప్పిపోయాయి. మరుసటి ఏడు మళ్లీ బరిలో దిగాను. స్తంభం దగ్గరికి రాగానే కాళ్లు ఆగిపోయాయి. గోడ పక్క నుంచి అత్త గొంతు! "దుంకు బిడ్డా! బొక్కలు గట్టిగున్నయ్, దుంకు!" దూకాను. జట్టులో నా పేరు పిలిచారు. అబ్బ, ఆ రోజు! అత్త గ్రౌండులో తెలియనివాళ్లకు కూడా పేడాలు పంచింది.

పోయిన వారం ఆమెకు కప్పే తెల్లగుడ్డ ఆ దుకాణంలోనే తీశారు. పరుపు మీద పరిచి, కడ్డీతో కొలిచి, సుద్దతో గుర్తు పెట్టి, బావ కత్తెర పట్టుకున్నాడు. కోయలేక పరుపు మీద పెట్టేశాడు. కత్తెర నేను తీసుకున్నాను. గుర్తు పక్కన నాలుగు వేళ్లు ఆనించి, వాటికి అవతల కత్తిరించాను.