ప్రార్థన నూనె పట్టిచ్చిన పగులు

ప్రియ సహోదరులారా, నా చేతిలో ఎద్దు కొమ్ముల్లా వంగి ఉన్న ఈ నల్లటి వస్తువు రేసు సైకిల్ హ్యాండిల్, కార్బన్‌ది, చిటికెన వేలితో లేపొచ్చు, కానీ ఇలాంటి వాటి మోజు బరువు కింద నేను రెండేళ్లు నలిగిపోయాను!

హైటెక్ సిటీ ఉద్యోగాల కోసం కుర్రాళ్లు అమీర్‌పేటకు పోటెత్తుతున్న రోజులవి. అక్కడి మైత్రీవనం భవనంలో వాళ్లకు కంప్యూటర్ కోర్సులు చెప్పుకుంటూ బతికే నాకు సైకిల్ పందేల పిచ్చి పట్టింది. ఆదివారం ఆరాధన మానేశాను, అన్నం మానేశాను, ఆఖరికి ఇంట్లో మాట్లాడటం కూడా మానేశాను, ఎంతసేపూ సైకిల్లో, ఒంట్లో ఎన్ని గ్రాములు తగ్గించాలన్నదే ధ్యాస. నా భార్య సునీత కంచం ముందు పెట్టి ఏడుస్తుంటే నేను బోల్టులు తూచుకుంటూ కూర్చునేవాణ్ణి. అయ్యో, ఎంత కఠిన హృదయం నాది!

పంజాగుట్టలో సైకిళ్లు బాగుచేసే రషీద్ భాయ్ ముందే హెచ్చరించాడు. "అన్నా, కార్బన్ మంచిదే, కాదంటలేను. గని కొత్తది తీస్కో, నీ భుజాల కొలత చూసి తీస్కో. వాడింది వద్దు, పగిలినా పైకి కనవడదు, ఒక్కసారే ఇరుగుతది," అన్నాడు. వింటేగా! ఎవరో వాడి అమ్మేసిన హ్యాండిల్ తెచ్చుకున్నాను. కొనేటప్పుడు నేనడిగిన ప్రశ్న ఒక్కటే, ఎంత తూగుతుందని.

పందెం ముందు రోజు పొద్దున దాన్ని బిగించబోతుంటే సునీత ప్రార్థన నూనె సీసాతో వచ్చింది. మా ఇంట్లో స్కూటర్ మొదలుకొని పాప మూడు చక్రాల బండి దాకా నూనె రాసి ప్రార్థన చేయనిదే ఏదీ రోడ్డెక్కదు, మీకూ తెలిసిన అలవాటే. "ప్రభువా, ఈయన నా మాట ఎలాగూ వినడు, నీ మాటైనా వినేట్టు చెయ్యి తండ్రీ," అంటూ హ్యాండిల్ నడుమ నూనె పూసేసింది. నాకు ఒళ్లు మండింది. బిగింపు జారిపోతుందని అరుస్తూ గుడ్డతో గట్టిగా తుడిచాను, అంతా పోయింది, వెంట్రుకంత సన్నటి గీత ఒక్కటి పోలేదు. మళ్లీ తుడిచాను, లోపలి నుంచి నూనె మళ్లీ ఊరింది!

హ్యాండిల్ పట్టుకుని రషీద్ భాయ్ దగ్గరికి పరుగెత్తి జరిగిందంతా చెప్పాను. ఆయన రూపాయి బిళ్లతో హ్యాండిల్ పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు, టంగుమంటున్న చప్పుడు ఆ గీత దగ్గర మొద్దుబారింది. "రేపు దిగుడుల బ్రేక్ పట్టినవంటే గిది ఇరిగి చేతులకే వస్తుండె. వదిన దువా నిన్ను బచాయించింది, జర యాదుంచుకో అన్నా," అన్నాడు.

ఆ కొట్టు మెట్ల మీదే కూలబడి, ప్రభువా, నన్ను క్షమించు అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంటికెళ్లి అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాను. మర్నాడు నా పాత అల్యూమినియం హ్యాండిల్‌కే నూనె రాయించుకుని పందేనికి వెళ్తే, హల్లెలూయా, అందరికంటే ముందు చేరింది నేనే! పస్తులుండి తొక్కిన రెండేళ్లలో పదో స్థానం కూడా చూడనివాణ్ణి! దేవునికే మహిమ!

కార్బన్‌లో పాపం లేదు సహోదరులారా, పాపమంతా నాలో ఉంది. ఇప్పుడు నేను తొక్కేదీ కార్బన్ హ్యాండిలే, కొత్తది, నా భుజాల కొలతది, రషీద్ భాయ్ చేత్తో బిగించినది. మీలో ఎవరెవరు ఏ పగులు దాచుకుని తిరుగుతున్నారో నాకు తెలియదు. ప్రభువు ముందు బయటపడితే పోయేది పరువే, దిగుడులో బయటపడితే ప్రాణం పోతుంది. సిగ్గుపడకండి, రండి, ఆ నూనె సీసా ఇవాళ కూడా సునీత సంచిలోనే ఉంది.