పడమటి గోడ చెమ్మ

షాజాదీ చిలకలూరిపేటలో జాకెట్లు కుడుతుంది. భర్త గౌస్ బాషా మిరప బస్తాల లారీకి డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఒంటరిగా కూర్చోలేక ఆమె కుట్టు మిషను కొనుక్కుంది. చేతిపని శుభ్రంగా ఉండేసరికి రెండు వీధుల అవతల నుంచి కూడా ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. గిరాకీ పెరిగాక, రోడ్డుకు దగ్గరగా ఉండాలని వెంకటరావమ్మ గారి ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకుంది.

వెంకటరావమ్మ పై వాటాలో ఒక్కతే ఉండేది. చనిపోయిన భర్త పొగాకు గోడౌన్‌లో పనిచేస్తూ కట్టించిన ఇల్లది. ఆ ఇంటిని ఎవరైనా ఒక మాట అంటే ఆయన్నే అన్నట్టు బాధపడేది. షాజాదీ వాళ్లు ఇంట్లో దిగేటప్పుడే ఒక మాట చెప్పింది: "చిన్నాచితకా రిపేర్లు మీవేనమ్మా. పెద్దవేమన్నా ఉంటే నాకు చెప్పండి." షాజాదీ సరేనంది. ఏది చిన్నది, ఏది పెద్దది అని అడగాలని ఆ రోజు ఇద్దరికీ తోచలేదు.

మొదటి వానాకాలంలోనే పడమటి గది గోడకు చెమ్మ కనిపించింది. షాజాదీ మిషను, కుట్టిన జాకెట్లు పెట్టుకునే అలమర ఉన్నది ఆ గోడ పక్కనే. చేత్తో తడిమితే సున్నం పొడిలా రాలుతోంది. పైకెళ్లి చెప్పింది.

"పిన్నిగారూ, పడమటి గోడకి నెమ్మెక్కుతోందండి. ఒకసారి వచ్చి చూస్తారా?"

"వానలు కదమ్మా. ఎండలొస్తే అదే ఆరిపోద్ది."

ఎండలొచ్చాయి. ఊరి చుట్టూ కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు గలగలలాడుతున్నాయి గాని, ఆ గోడ మాత్రం ఆరలేదు. షాజాదీ మళ్లీ మెట్లెక్కింది. ఈసారి వెంకటరావమ్మ దిగివచ్చి గదంతా కలియజూసింది. గదిలో తీగకు వేలాడుతున్న తడి బట్టలు ఆమె కంటపడ్డాయి.

"ఇంట్లో బట్టలారేస్తే గోడలు నెమ్మెక్కవా? కిటికీలు తీయరు, గాలి ఆడదు. మీకు ముందున్న వాళ్లు ఒక్క మాట అనలేదు."

ముందున్న వాళ్లు ఆ గోడకు ఆనించి పెద్ద బీరువా పెట్టుకున్నారనీ, ఖాళీ చేసి పోయేటప్పుడు దాని వెనక చెక్కంతా పుచ్చిపోయి ఉందనీ ఎదురింటావిడ షాజాదీకి ఎప్పుడో చెప్పింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెద్దావిడతో తగువెందుకని మింగేసింది.

ఎంత గొణిగినా, వెంకటరావమ్మ మనిషిని పిలిపించి గోడ గీకించి, పుట్టీ పెట్టించి, చెమ్మ పట్టదని కొట్టువాడు చెప్పిన ఖరీదైన రంగు వేయించింది. పండగ ముందు ఇల్లులా గది మెరిసింది. నెల తిరక్కుండానే ఆ రంగు అప్పడంలా పొంగి పెచ్చులుగా ఊడింది. మళ్లీ వేయించింది. మళ్లీ ఊడింది.

"ఇంకేం చేయమంటావు షాజాదీ? నా వంతు నేను చేయించాను."

"రంగు కాదండీ పిన్నిగారూ. నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. ఈ గోడకు సరిగ్గా పైనే కదా మీ బాత్రూం."

"నా బాత్రూంలో చుక్క కారదు."

ఆ మాట మీద ఇద్దరికీ వారం పాటు మాటల్లేవు.

శ్రీదివ్య అనే అమ్మాయి పెళ్లి జాకెట్టు అలమరలో ఉండగానే బూజు పట్టింది. పట్టు మీద మచ్చ ఉతికినా పోలేదు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. షాజాదీ గుంటూరు వెళ్లి అదే రంగు గుడ్డ కొనుక్కొచ్చి, రెండు రోజులు వేరే పని ముట్టకుండా కొత్తది కుట్టిచ్చింది.

లారీ దిగి ఇంటికొచ్చిన గౌస్ బాషా అంతా విని, "ఇల్లు మారిపోదాం పద" అన్నాడు.

"మారితే నా గిరాకీ ఏమవుద్ది? ఐనా, తప్పు చేసినట్టు మనమెందుకు పోవాలి?"

మర్నాడు అతనే బుడాన్ అనే ప్లంబర్ని తీసుకొచ్చాడు. బుడాన్ గోడ మీద నాలుగు చోట్ల కొట్టి చూసి, ఇది పైపు పని కాదు, గోడ పని, మేస్త్రీని పిలవమన్నాడు. మేస్త్రీ వచ్చి, గోడ బాగానే ఉంది, పైపు చూపించుకోమన్నాడు. పోయేవాడు పోక తలెత్తి చూసి, "వెంటిలేటరు ఎందుకు మూశారు?" అని అట్ట పీకేశాడు. దాని వెనక గోడంతా నల్లటి బూజు.

మెట్ల మీద నిలబడ్డ వెంకటరావమ్మ, "నేను మొదట్నుంచీ ఏం చెబుతున్నాను?" అంది.

పక్క సందులో కారం మిల్లు ఉంది. ఆ ఘాటుకు తుమ్మలేక షాజాదీయే అట్ట పెట్టింది. కాదనడానికి లేదు. ఆ రోజే సన్నటి జాలీ కొట్టించి వెంటిలేటరు తెరిచింది. తడి బట్టలు డాబా మీద ఆరేయడం మొదలుపెట్టింది. వెంటిలేటరు దగ్గరి నల్లబూజు నిజంగానే తగ్గింది. కానీ పడమటి గోడ కింది భాగం ఎప్పటిలాగే తడిగా ఉంది. ఆ సంగతి చెప్పబోతే వెంకటరావమ్మ చెయ్యి అడ్డం పెట్టేది.

"తగ్గిందిగా. మిగతాదీ తగ్గుద్ది."

తర్వాతి సంవత్సరం వెంకటరావమ్మకు మోకాలి ఆపరేషను జరిగింది. మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఆవిడ కిందికి రావాలంటే షాజాదీ వాళ్లు పైకి వెళ్లాలి. అడగడానికి మొహమాటపడుతూనే అడిగింది. గాలీ వెలుతురూ ఉన్న వాటా, అద్దె పెంచనంది. షాజాదీ వెంటనే ఒప్పుకుంది. వెంకటరావమ్మ మంచం పడమటి గదిలో వేయించుకుంది.

వానలు మొదలయ్యేసరికి పక్క దుప్పట్లు ముక్క వాసన కొట్టసాగాయి. ఒక పొద్దున మెట్ల దగ్గర నిలబడి ఆవిడ కేకేసింది.

"షాజాదీ, పైన నీళ్లు తెగ పారబోస్తున్నారా ఏంటి? నా గోడంతా తడిసిపోతోంది."

షాజాదీ చేతిలో కత్తెర అలాగే పట్టుకుని దిగివచ్చింది. రెండేళ్లుగా మింగిన మాటలన్నీ గొంతులో ఉన్నాయి.

"కిటికీలు తీసే ఉంచుతున్నారా పిన్నిగారూ?"

వెంకటరావమ్మ ముఖం ఎర్రబడింది. మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన మోకాలు నిమురుకుంటూ కాసేపు గోడ వైపు చూసింది.

"ఆయన దగ్గరుండి కట్టించారమ్మా. లోపం ఉందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు."

షాజాదీకి కోపం పోలేదు. కానీ కత్తెర పక్కన పెట్టి, ఆరేయడానికి ఆవిడ దుప్పట్లు తీసింది.

ఆ వారమే పై బాత్రూం నేల తవ్వించారు. బండల కింద మలుపు దగ్గర పైపు అతుకు విడిపోయి ఉంది. అక్కడి నుంచి ఎన్నేళ్లుగానో నీళ్లు గోడలోకి దిగుతున్నాయి. ఇది నేను మొదటే చెప్పానన్నాడు బుడాన్. అతను చెప్పలేదని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

కొత్త పైపు వేసి, బండలు పరిచేదాకా షాజాదీ వాళ్లకు కింది బాత్రూమే గతి. తువ్వాలు భుజాన వేసుకుని గౌస్ బాషా వెంకటరావమ్మ గారి తలుపు దగ్గర నిలబడితే, ఆవిడ లోపలి నుంచి "వస్తున్నా, వస్తున్నా" అని విసుక్కునేది. ఈసారి షాజాదీ, వెంకటరావమ్మ తేల్చి చెప్పుకున్నారు. పైపులు, శ్లాబు, గోడలు ఇంటావిడవి. కిటికీలు తెరవడం, తడి బట్టలు బయట ఆరేయడం, చెమ్మ కనబడిన రోజే చెప్పడం అద్దెకున్న వాళ్లవి. చెప్పిన రోజే చూడటం మళ్లీ ఇంటావిడది. ఈ చివరిది షాజాదీ పట్టుబట్టి ఒప్పించింది.

గోడ పూర్తిగా ఆరడానికి మళ్లీ ఎండాకాలం దాకా పట్టింది. వెంకటరావమ్మ కిందే ఉండిపోయింది, షాజాదీ పైన. మెట్లెక్కలేమని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వేరే టైలరు దగ్గరికి పోయారు. మిగిలిన వాళ్ల గుడ్డలు వెంకటరావమ్మే అరుగు మీద తీసుకుంటోంది. కొలతలు తప్పు చెబుతుంది, చేతుల పొడవు మరిచిపోతుంది, షాజాదీ తల పట్టుకుంటుంది. రోజుకు ఒక్కసారైనా కింది నుంచి కేక వినబడుతుంది.

"నీ మనుషులొచ్చారమ్మాయ్, దిగు. కొలతలు నేను చెబితే నీకు నచ్చదుగా."