అమ్మవారి వాటా

వాన లేని రోజున మా ఆయన తడిబట్టలతో ఇంటికొచ్చాడు. రేవులో పడిపోయాడేమోనని కంగారుపడ్డాను. పడలేదట. తెలుగు పాదిరిగారు చెరువులో ముంచి బాప్తిస్మం ఇచ్చారట. పడిపోయినా బాగుండేది, పదిమందీ పరుగెత్తుకొచ్చి పైకి లాగేవాళ్లు అనిపించింది నాకు.

అప్పటికి నేను రంగూన్ వచ్చి ఏడాది కూడా కాలేదు. మా జట్టంతా విశాఖపట్నం వైపు వాళ్లమే. రేవు వెనక ఒకే కూలీల బారకులో ఉండేవాళ్లం. మగవాళ్లు ఓడలకి బియ్యం మోసేవారు. బియ్యం బస్తా ఒక్కడు ఎత్తుకోలేడు. ఇద్దరు పట్టి వీపు మీదికి ఎత్తాలి. ఆ బరువుతో గట్టుకీ ఓడకీ మధ్య వేసిన పలక మీద నడవాలి. ఎత్తే చెయ్యి లేకపోతే పని లేదు. మతం మారాడని ఆ చేతికి కోపమొస్తే, పలక కింద నీళ్లున్నాయి. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా అని ఆయన్ని తిట్టుకునేదాన్ని.

"ఎవులికీ సెప్పకు మావా" అని బతిమాలాను. సరేనన్నాడు. ఇంతలో అమ్మవారి పండగ వచ్చిపడింది. ఆ రోజు జట్టంతా కలిసి మేకపోతుని బలిచ్చి, వండి, పొయ్యికొక వాటా పంచుతారు. ఇంటి మగాడు చెయ్యి చాపి తీసుకుని, అందరి ముందూ ఒక ముక్క తినాలి. తిననివాడు జట్టులో లేనట్టే.

ఏం చెయ్యాలో అడుగుదామని పబేడాన్ బజారు వెనక ఉండే పాదిరిగారి ఇంటికి నన్నూ తీసుకెళ్లాడు. ఏసుని నమ్మిన మొదటి తరం వాళ్లకీ ఇదే చిక్కు వచ్చిందని పాదిరిగారు నిదానంగా చెప్పారు. రోమా రాజుల కాలంలో గుళ్లో బలిచ్చిన మాంసమే విందుల్లో వడ్డించేవారట. తినాలా మానాలా అని వాళ్లలో వాళ్లే తగువులాడుకున్నారట. కొందరిని అయినవాళ్లే ఇంట్లోంచి గెంటేశారట.

"మరి ఆళ్లకి బస్తా ఎవులు ఎత్తీవోరండీ?" అని అడిగాను.

పాదిరిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పండగనాడు మధ్యాహ్నం, జట్టుకి పెద్దగా ఉండి పని చూపించే మేస్త్రీ ఆకులో వాటా పెట్టి మా ఆయన్ని పిలిచాడు. ఈయన లేచి నిలబడ్డాడు గానీ, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏటిరా, సెయ్యి సాపవేటి?" అన్నాడు మేస్త్రీ.

డప్పులు ఆగిపోయాయి. రోజూ ఆయనకి బస్తా ఎత్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

అక్కడ ఆడది ముందుకు రాకూడదు. అయినా వెళ్లాను. "పొయ్యికి కదా బాబూ వాటా? ఆ పొయ్యి రాజేసీది నాను. నాకియ్యి" అని ఆకు లాక్కుని ముక్క నోట్లో వేసుకున్నాను. కారానికో భయానికో కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. మేస్త్రీ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"సర్లే, పొయ్యి మన జట్టుదే" అని చివరికి పక్కింటి వాళ్ల ఆకు అందుకున్నాడు.

గదిలోకొచ్చాక మా ఆయన తిడతాడనుకుని నేనే ముందు అందుకున్నాను. "నీ దేవుడు కొడితే నన్ను కొట్టనీ. నిన్ను పలక మీంచి తోసెత్తే నానేటైపోవాల? బయమేసి తిన్నాను మావా."

ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నానూ బయమేసే ములిగానొలే" అన్నాడు. "పలకెక్కినప్పుడల్లా కాళ్లు వణుకుతన్నాయి. అమ్మోరికి మొక్కినా తగ్గనేదు. ఈ దేవుడైనా తగ్గిత్తాడేమోనని ఎల్లాను."

"తగ్గిందా?"

తల అడ్డంగా ఊపాడు.

అంతవరకూ ఆయన గుండెధైర్యాన్ని నమ్ముకునే ఆ ఊళ్లో బతికాను. జట్టునంతటినీ కాదని మతం మారాడంటే ఎంత ధైర్యమో అని, తిడుతూనే లోపల మురిసిపోయాను కూడా. మర్నాడు పొద్దున్నే ఆయన రేవుకి బయల్దేరుతుంటే వెళ్లొద్దని అనలేకపోయాను. గుమ్మంలో నిలబడి ఆయన దేవుడికీ మా అమ్మవారికీ కలిపి ఒకే దండం పెట్టాను.