ఐదో బోరు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరుగుతున్న రోజుల్లో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ కట్టాలనుకున్నారు. కట్టేముందు నేల ఎంత గట్టిగా ఉందో చూసే పని మా చిన్న కంపెనీకి వచ్చింది. అది నా మొదటి ఉద్యోగం. సైటు మొత్తం నా చేతిలోనే ఉందని కాస్త తలపొగరు కూడా ఉండేది.

పని చూడ్డానికి మోటుగా ఉంటుంది. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, అరవై మూడున్నర కిలోల సుత్తిని తాడుతో పైకి లాగి వదులుతారు. కింద ఇనుప గొట్టం అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో నేను రాసుకోవాలి. యాభై కొట్టినా దిగకపోతే రాయి తగిలినట్టు. అలా గొట్టం దించే ఒక్కో చోటూ ఒక బోరు, మొత్తం ఐదు వేయాలి. మేస్త్రీది పాలమూరు, మా నాన్న వయసు. దెబ్బలు ఆయనే పైకి లెక్కపెట్టేవాడు. ఒకటికి "లాభం" అనేవాడు, ఏడుకి "ఆరున్నొక్కటి". ఏడు అంటే పని ఏడుస్తుందట. వినీ వినీ ఇంట్లో చపాతీలు కూడా నేను అలాగే లెక్కపెడుతుంటే అమ్మ నవ్వేది.

నాలుగు బోర్లలోనూ పది అడుగులకే రాయి తగిలింది. ఐదోది వేయాల్సిన రోజు బంద్. విద్యార్థుల ఊరేగింపు, పోలీసులు, కళ్ళు మండే పొగ. మర్నాడు క్యాంపస్ పక్కనే ఉన్న మా తార్నాకలో బస్సులు మామూలుగానే తిరిగాయి. నేనే వెళ్ళలేదు, మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దన్నాను. మావాళ్ళు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. నేను పుట్టింది తార్నాకలోనే అయినా, "మీదే ఊరు?" అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. చుట్టూ రాయేగా అనుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నాలుగో బోరు అంకెలు కాస్త అటూ ఇటూ మార్చి ఐదోది రాసేశాను.

ఆ తర్వాతి రోజు సైటులో సామాను సర్దిస్తూ, ల్యాబు పరీక్షకు తీసిన నాలుగో బోరు మట్టిని రెండు సంచుల్లోకి పంచాను. ఒక సంచికి ఐదో నంబరు చీటీ కట్టమని మేస్త్రీకి ఇచ్చాను. ఆయన చీటీ చూశాడు, నన్ను చూశాడు.

"మేడమ్, ఐదో బోరుకు మేం సుత్తే ఎత్తలే. దెబ్బలు ఎవరు లెక్కవెట్టిన్రు?"

"అంతా రాయే కదా! మీకెందుకు, కట్టండి," అని కసిరాను.

ఆయనకు కోపం రాలేదు. ఐదో బోరుకు గుర్తు పెట్టిన చోటు చూపించాడు. "గాడ జూడు బిడ్డా. గింత ఎండల గా ఒక్క తాన్నే గడ్డి పచ్చగున్నది. కింద ఏందో ఉన్నది. ఆడపిల్లలుండే బిల్డింగంటివి గదా."

తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు. విప్పేసిన స్టాండు మళ్ళీ ఎత్తించేసరికి ఆ రోజు గడిచిపోయింది, బోరు మర్నాడు వేశాం.

పైన ఐదడుగులు మామూలు మొరం మట్టి. ఆ తర్వాత సుత్తి పడగానే గొట్టం జర్రున దిగింది. "లాభం, రెండు, మూడు" అని మేస్త్రీ ఆగిపోయాడు. అప్పటికే అడుగు అయిపోయింది. పైకి తీస్తే నల్లటి బురద, ఇటుక ముక్కలు, ఎవరిదో గాజు పెంకు. పదడుగుల దగ్గర అదే, ఇరవై దగ్గరా అదే. ఎప్పుడో పూడ్చేసిన బావి. నా కాగితంలో మాత్రం అక్కడ రాయి ఉంది, ఆ రాయి మీద నాలుగంతస్తుల హాస్టల్ లేవబోతోంది. ఆ కాగితం చింపేసి, దెబ్బలు ఉన్నవి ఉన్నట్టు రాశాను.

దాంతో రిపోర్టు మూడు రోజులు ఆలస్యమైంది. మా కంపెనీ సారు సైటుకొచ్చి కాగితాలు తిరగేసి, బావిని భలే పట్టావమ్మా అని మెచ్చుకున్నారు. "లేటు బంద్ వల్లేగా?" అన్నారు.

బంద్ జరిగింది ఒక్క రోజే. మిగతా రెండు రోజులూ నా నిర్వాకం.

"అవును సార్, ఈ బంద్‌లతో ఏ పనీ సాగట్లేదు," అన్నాను.

పక్కనే తాడు చుడుతున్న మేస్త్రీ చేతులు ఆగాయి. నా వైపు చూశాడు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.